పై వాటాకి ముప్పై ప్రశ్నలు

పై వాటా ఖాళీ అయి ఆ రోజుతో ఆరు నెలలు. వీధంతా చాటుగా ‘రూళ్ళకర్ర’ అని పిలుచుకునే రిటైర్డ్ హెడ్ గుమాస్తా మాత్రం వరండాలో కుర్చీ వేసుకుని, దర్బారు తీర్చినట్టు కూర్చున్నాడు.

ఆయన భార్య వంటింటి మూల కుట్టుమిషన్ ముందు ఉంది. తొక్కినప్పుడల్లా మోకాలు గ్యాస్ బండకి కొట్టుకుంటుంది. కొత్త గౌన్ల మీద నూనె చుక్కలు పడి, రెండు మంచి బేరాలు పోయాయి.

“వారం తిరక్కుండా నింపేస్తా. ఆరు నెలలకీ నిండకపోతే పై వాటా నీ మిషన్‌కే ఇచ్చేస్తా, పో!” అని అప్పట్లో ఆమె అన్నయ్య ఎదుటే మీసం మెలేశాడు. మొగుడి ప్రతిభ తెలియక ఆమె ఆశ వదిలేసుకుంది.

తర్వాత పందొమ్మిది మంది వచ్చారు. గాలీ వెలుతురూ ఉన్న ఇల్లు, అద్దె కూడా అందరిలాగే. ఆ వీధిలో ఏ వాటా అయినా పది రోజుల్లో నిండుతుంది. ఇక్కడ మాత్రం ముప్పై ప్రశ్నల కాగితం అడ్డుపడింది. స్నానానికి ఎన్ని చెంబులు? తుమ్ము గట్టిగా వస్తుందా, మెల్లగానా? మీ అత్తగారు వస్తే ఎన్నాళ్ళుంటారు?

తుమ్ము దగ్గర నవ్వాడని డ్రాయింగ్ మాస్టారిని పంపేశాడు. అసలు నవ్వలేదని కొత్త దంపతుల్ని అనుమానించాడు. బ్యాంకు ఉద్యోగి అన్నీ సరిగ్గా చెప్తే, “పేపరు లీకైంది” అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఒక నర్సు వచ్చింది. నిలబడే ముప్పైకి ముప్పై తడుముకోకుండా చెప్పింది. ఆయన పెన్ను మూత తీశాడు.

వంటింట్లో మిషన్ చప్పుడు ఆగింది. రోజూ పైకెళ్ళి కుళాయిలు తనిఖీ చేసే ఆయన అలవాటు గురించి ఒక్క ముక్క చెప్తే చాలు, నర్సు పారిపోతుంది. కానీ ఇల్లు వెతుక్కుంటూ వచ్చిన ఆ పిల్ల చేసిన పాపం ఏముంది? ఆమె సూదికి దారం ఎక్కించుకోసాగింది.

“ఒక్క మాట బాబాయిగారూ,” అంది నర్సు. “ముందున్నవాళ్ళు ఎందుకు ఖాళీ చేశారు?”

పెన్ను గాల్లో ఆగింది.

“ప్రశ్నలు వేసేది నేను!”

“ఊరికే తెలుసుకుందామని...”

“ఇప్పుడే ఇలా నిలదీస్తే రేపు నెత్తికెక్కుతావు. వెళ్ళిరామ్మా.”

గేటు మూసుకుంది. “చూశావుటే పొగరు!” అని ఆయన లోపలికి కేకేశాడు. “పోనీ, ఇంకో వారం చూస్తే బంగారం లాంటివాళ్ళు దొరుకుతారు.”

జవాబుగా బరబరమని చప్పుడు. ఆమె మిషన్‌ని మెట్ల దాకా ఈడ్చుకొచ్చింది.

“ఏయ్, సాయంత్రం దాకా గడువుందే!”

“ఇంకెవరైనా వస్తామన్నారా?”

ఆయన వీధి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూశాడు. ఒక కుక్క ఉంది. అదీ అటు తిరిగి పడుకుంది.

“ఆ కొస పట్టుకోండి,” అంది ఆమె.

తేలికైన వైపేదో చూసుకుని మరీ పట్టుకున్నాడు.