మైనంలో మిగిలిన ముక్క

మధ్యాహ్నం మూడింటికి దహనం. పదకొండు కావస్తున్నా బువాఖమ్ ఇంకా ఆసుపత్రి పరీక్షల గదిలోనే కాగితం పట్టుకుని కూర్చుంది. ఇంటి దగ్గర ఆమె భర్త ఇన్‌తాను ఉంచిన శవపేటికకు ఇంకా మూత బిగించలేదు. పోయిన నెల పరీక్ష కోసం డాక్టర్లు అతని ఊపిరితిత్తిలోంచి తీసిన గోరంత ముక్క అందులో చేరాలి. ఒంట్లో లోటుంచి కాలిస్తే వచ్చే జన్మలోనూ ఆ లోటుతోనే పుడతాడని వాళ్ళ ఊరి నమ్మకం.

ఆ నమ్మకం ఆమెకు గుర్తు చేసింది రోళ్ళ షెడ్డు యజమాని సోమ్‌చిత్. ముక్క తిరిగి ఇచ్చెయ్యమని కాగితం తనే రాయించాడు, తల్లీకూతుళ్ళను బండిలో తనే తీసుకొచ్చాడు, భిక్షువులకు కాషాయ వస్త్రాలు కూడా తనే కొన్నాడు. ఇరవై రెండేళ్ళు రాతి దుమ్ములో రోళ్ళు చెక్కినవాడికి ముక్కుకు కట్టుకోను గుడ్డపేలిక ఇవ్వని మనిషికి, వాడి మరుజన్మ మీద ఎక్కడలేని బెంగ పట్టుకుంది.

"వేలిముద్ర వెయ్యి వదినా, పొద్దెక్కుతోంది" అన్నాడు గుమ్మంలోంచి. "క్షయతో పోయాడు, పాపం. చచ్చినా వీళ్ళు వదలరా?"

ముక్కల్ని కోసి పరీక్షకు సిద్ధం చేసే ఓరవాన్ ఒక మైనపు దిమ్మ తెచ్చి బల్ల మీద పెట్టింది. అగ్గిపెట్టెకన్నా చిన్నది. నడుమ బూడిదరంగు మచ్చ, ఊపిరితిత్తి ముక్క అదే.

"నీదే పిన్నీ. అడిగితే ఇచ్చెయ్యాల్సిందే. ఇచ్చేముందు ఒక్కసారి చూస్తావా?"

"నాకేం తెలుస్తుందమ్మా, చదువు లేనిదాన్ని."

"చదవక్కర్లేదు. చూస్తే చాలు."

సోమ్‌చిత్ నవ్వాడు. "బాగుంది! మా వదిన డాక్టరమ్మ అయిపోతుంది."

ఓరవాన్ అతని వైపు చూడలేదు. ఇన్‌తా ఎక్స్‌రేను వెలుగుకు పెట్టింది. ఊపిరితిత్తుల నిండా తెల్ల మచ్చలు.

"మీ ఊళ్ళో పన్నెండు మందికి ఇవే మచ్చలున్నాయి. అందరికీ క్షయే అన్నారు. లోపల ఏముందో మేం కోసి చూసింది ఇదొక్కటే. ఇది పోతే, క్షయ కాదన్న మా మాట నమ్మేవాళ్ళుండరు."

ఆ దిమ్మలోంచి కోసిన పలచటి పొరను ఓరవాన్ మైక్రోస్కోపు కింద పెట్టింది. బువాఖమ్ దానికి కన్ను ఆనించింది. ఉల్లిపాయను అడ్డంగా కోసినట్టు పొరలు పొరలుగా చుట్టలు. ఓరవాన్ ఏదో తిప్పింది. అంతా చీకటైపోయి, ఆ చీకట్లో సన్నటి రవ్వలు మెరిశాయి.

ఆ మెరుపు ఆమెకు కొత్త కాదు. భర్త చొక్కా దులిపినప్పుడల్లా ఎండలో లేచింది అదే. ఇప్పుడు కూతురు చాన్ కనురెప్పల మీంచి రోజూ తుడుస్తున్నదీ అదే. పంతొమ్మిదేళ్ళ చాన్ రెండేళ్ళుగా ఆ షెడ్డులోనే రోళ్ళు నునుపు చేస్తోంది.

"ఇది చితిలో కాలుతుందా?" అంది తల ఎత్తకుండానే.

"మాంసం కాలుతుంది పిన్నీ. రాయెక్కడ కాలుతుంది?"

బువాఖమ్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి యజమాని చేతిలో పెట్టింది.

"ఇదేంటి వదినా? లోటుతో పుడతాడు. ఆ పాపం నీకు చుట్టుకుంటుంది, ఆలోచించుకో."

"పుట్టనీండయ్యా" అంది. "మీ రాయి లేకుండానే పుట్టనీండి."

సోమ్‌చిత్ కాగితం మడతలు విప్పబోయాడు. అంతలో బయట బండిలో కూర్చున్న చాన్ దగ్గు వినిపించింది. ఒకసారి ఆగి, మళ్ళీ మొదలైంది. గదిలో ముగ్గురూ అటే తిరిగారు.