గంటా, డప్పా?

భూమి కింద పనిచేసేవాళ్లకి ఆకాశం ఉండదు, కప్పు ఉంటుంది. టీ తాగే కప్పు కాదు. అది పగిలితే టీ ఒలుకుతుంది, ఇది పగిలితే మనమే ఒలుకుతాం. బొగ్గు తవ్వేశాక నెత్తిమీద మిగిలే రాతిపొరని గనిలో కప్పు అంటారు. అది గట్టిదో కాదో తేల్చి, "రండి" అన్నాకే ఎవరైనా దాని కిందికి రావాలి. ఆ మాట అనేవాడు సర్దార్. చేతిలో ఇనప పొన్ను తొడిగిన పొడుగాటి కర్ర. బయట కర్రపెత్తనం అంటే తిట్టు. లోపల అది ఉద్యోగం.

కర్రతో కొడితే కప్పు రెండే జవాబులు చెబుతుంది. ఖంగుమంటే గట్టి రాయి, దాని పేరు "గంట". దబ్బుమంటే కింది పొర విడిపోయి వేలాడుతోందని, దాని పేరు "డప్పు". డప్పయితే గడ్డపారతో ఊడదియ్యాలి, లేదా కింద గుంజలు నిలబెట్టాలి.

ఈ రెండు మాటలూ సర్దార్ వెంట గనిలోంచి ఎక్కి ఇంట్లోకొచ్చి కూర్చున్నాయి. కుర్చీ కొన్నా, కుండ కొన్నా "గంటేనా?" అని అడుగుతాడు. కూతుర్ని ఇచ్చేముందు అల్లుడి బుర్రని కర్రతో కొట్టి చూడలేదు, అదొక్కటే తక్కువ. ఆ అల్లుడే ఇప్పుడు అతని గ్యాంగులో గుంజలు నిలబెట్టే టింబర్‌మన్.

గ్యాంగంతా సర్దార్‌ని గంట మామ అనేవారు. ఈమధ్య చాటుగా డప్పు మామ అంటున్నారు. ఎందుకంటే అతనికి ఎక్కడ కొట్టినా డప్పే. గుంజ పక్కన గుంజ, దాని పక్కన ఇంకో గుంజ. అల్లుడి భుజాలు పడిపోయాయిగానీ కప్పు మాత్రం ఎక్కడా పడలేదు.

"మామా, మనది బొగ్గు గనా, కలప డిపోనా?" అన్నాడు డ్రిల్లర్. వాడికి నోటికీ మెదడుకీ మధ్య గేటు లేదు. "నాకైతే అది గంటలాగే వినపడింది."

"నీ డ్రిల్లు మోతలో నీకు నీ పెళ్లాం పిలుపే వినపడదు, గంటేం వినపడుతుందిరా?" అన్నాడు సర్దార్.

అందరూ నవ్వారు. కానీ ఆ నవ్వు సర్దార్‌కి నచ్చలేదు. కాస్త దబ్బుమంది.

చివరికి మేనేజరు జియాలజిస్టుని వెంటబెట్టుకుని దిగాడు. ఆ అమ్మాయి దీపం ఎత్తి చూసింది, చిన్న సుత్తితో కప్పుని అక్కడక్కడా తట్టింది. "మంచి ఇసుకరాయి సర్దార్ గారూ. మందమైన పొర, పగుళ్లు లేవు. చూడండి, ఎలా మోగుతోందో."

ఆవిడ తట్టింది. సర్దార్ విన్నాడు. దబ్బు.

"డప్పమ్మా అది," అన్నాడు.

డ్రిల్లర్ కూడా మాట్లాడలేదు! వాడు నోరు మూసుకున్నాడంటే సంగతి ముదిరిందన్నమాట. అల్లుడు తన బూట్లకేసి చూసుకుంటున్నాడు. మేనేజరు గొంతు తగ్గించి అన్నాడు: "సర్దార్, జాగ్రత్త మంచిదే. కానీ రోజూ డప్పే అంటే, నిజంగా డప్పు మోగినరోజున వీళ్లు నీ మాట వింటారా?"

ఆ మాట సర్దార్ బుర్రలో గుంజ పాతినట్టు నిలబడిపోయింది.

ఇంటికెళ్లాడు. వంటింట్లో కుర్చీ లాక్కుని కూర్చుని రాయిని తిట్టడం మొదలెట్టాడు. "నలుగురి ముందు నన్ను అబద్ధాలకోరుని చేసింది."

భార్య పరుగున వచ్చి స్టవ్ ఆపింది. "పక్కనే కూర్చుని చూస్తున్నారు, కుక్కర్ కూతలు పెట్టి పెట్టి అలిసిపోయింది. ఆపొచ్చుగా?"

"ఏ కూత?"

ఆవిడ అతనికేసి చూసింది. స్టీలు గ్లాసు అందుకుని చెంచాతో కొట్టింది. దబ్బు. ఇత్తడి గిన్నె కొట్టింది. దబ్బు. సర్దార్ చెంచా లాక్కుని తనే పళ్లెం కొట్టాడు, మూత కొట్టాడు, కిటికీ ఊచ కొట్టాడు. ఇల్లంతా డప్పే.

"సామాన్లన్నీ ఒక్కసారే పాడైపోవు కదండీ," అంది మెల్లిగా. "మాటలు బానే వినపడుతున్నాయి. సన్న చప్పుళ్లే పోయాయి."

"తెలిసి మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఫోను మోగుతోందనీ, తలుపు గంట కొడుతున్నారనీ చెబుతూనే ఉన్నాను. నమ్మక కొన్ని, వినిపించుకోక కొన్ని, మీరు వదిలేశారు."

సర్దార్ కర్రని తలుపు వారగా ఆనించాడు. రాయి చెప్పేది చెబుతూనే ఉంది. ఖంగుమనే ముక్క తనదాకా రావడం లేదు. చెవి డాక్టర్ దగ్గరికెళితే కర్ర తీసుకుంటారు. కర్ర పోతే తనెవరు? గంటా కాదు, డప్పూ కాదు, ఉత్త మామ.

మర్నాడు గని మెట్లమీద అల్లుణ్ని పక్కకి లాగి చెప్పాడు. అల్లుడు ఆశ్చర్యపోలేదు, అదే సర్దార్‌కి ఆశ్చర్యం.

"దానికేముంది మామయ్యా," అన్నాడు అల్లుడు. "నేను పక్కనే ఉంటా. గంటయితే దగ్గుతా. డప్పయితే ఊరుకుంటా. దగ్గు లావు చప్పుడేగా, మీకు వినపడుతుంది."

సర్దార్‌కి అది దేవుడు పంపిన దగ్గులా అనిపించింది.

పని మొదలైంది. సర్దార్ కొట్టాడు, అల్లుడు దగ్గాడు. "గంట!" అన్నాడు సర్దార్. గ్యాంగు మొహాలు వెలిగాయి. ఇంకోచోట కొట్టాడు, అల్లుడు దగ్గాడు. "గంట!" "మామ చెవిలో గుబిలి వదిలిందిరోయ్!" అన్నాడు డ్రిల్లర్. సర్దార్ ఛాతీ ఉప్పొంగింది. తన డప్పు తానే కొట్టుకోవాలనిపించింది.

కొత్తగా తవ్విన మూల దగ్గరికి వెళ్లారు. అక్కడ దుమ్ము ఇంకా అణగలేదు. వెనకాల యంత్రాన్ని ఈడ్చుకొస్తున్నారు, ఒకటే గోల. సర్దార్ కర్ర ఎత్తి కొట్టాడు. అల్లుడు దగ్గాడు.

"గంట! రండి!"

డ్రిల్లర్ యంత్రం వదిలి కప్పు కిందికి అడుగుపెట్టాడు. అల్లుడు ఇంకా దగ్గుతూనే ఉన్నాడు. వంగిపోయి, కళ్లనీళ్లు పెట్టుకుని, రెండు చేతులూ ఊపుతున్నాడు. ఊపిరి అందగానే అరిచాడు: "కాదు మామయ్యా! అది దుమ్ము దగ్గు! డప్పు! డప్పు!"

సర్దార్ కర్ర అడ్డంపెట్టి డ్రిల్లర్ ఛాతీమీద బలంగా నెట్టాడు. ఇద్దరూ అవతల పడ్డారు. పైనుంచి ఏమీ పడలేదు. ఏమీ పడలేదు కాబట్టి డ్రిల్లర్ తిట్టబోయాడు. కానీ అల్లుడు అప్పటికే గట్టి కప్పు కింద నిలబడి, పొడుగాటి గడ్డపార చాచి, ఆ మూల కప్పుని పొడిచాడు. తలుపంత పలక ఊడి, డ్రిల్లర్ నిలబడ్డ చోటే పడింది.

దుమ్ము తేరేదాకా ఎవరూ కదల్లేదు.

"దగ్గేంటి?" అన్నాడు డ్రిల్లర్, కింద కూర్చునే.

సర్దార్ చెప్పాడు. చెవులు, కుక్కర్, గ్లాసు, దగ్గు, అన్నీ. కథ పొడుగ్గా లేదు, సిగ్గే పొడుగ్గా ఉంది. "నిన్నటిదాకా నా చెవుడు మిమ్మల్ని కాపాడింది రా. అన్నీ డప్పంటే పోయేది గుంజలే. ఇవాళ నా పరువు మిమ్మల్ని చంపబోయింది."

అల్లుడు కర్ర కోసం చెయ్యి చాచాడు. పెద్దరికం ఇంట్లోనే ఉండాలనుకున్నాడు కాబోలు.

"నువ్వొద్దు," అన్నాడు సర్దార్. "నా పరువు కోసం దగ్గావు. రేపు మేనేజరు కోసం దగ్గుతావు." కర్ర డ్రిల్లర్ ఒళ్లో పెట్టాడు. "వీడు నా మొహమ్మీదే గంటని గంటన్నాడు. మేనేజరుతో నేను చెబుతా. పరీక్ష రాసి పాసై తీసుకో. అప్పటిదాకా నోరు మాత్రం మూసుకోకు."

"నేను మూసుకున్నదెప్పుడు మామా?" అన్నాడు డ్రిల్లర్.

చెవి డాక్టరు సన్న చప్పుళ్లు వినపడవని రాసిచ్చాడు. సర్దార్‌ని పైన దీపాల గదిలో వేశారు. దిగేవాళ్లకి దీపాలివ్వడం, ఎక్కినవాళ్ల దగ్గర తీసుకోవడం. చెవిలో పెట్టుకునే మిషన్ ఇచ్చారుగానీ, దీపాల గది పక్కనే పెద్ద ఫ్యాను. ఆ హోరులో మిషన్‌కీ చెవుడే.

పరీక్ష పాసైన డ్రిల్లర్ షిఫ్టు దిగాక కిటికీ దగ్గరికొస్తాడు. దీపం అప్పగించడు ముందు. సర్దార్ ఇనప బల్లమీద అరచెయ్యి ఆనిస్తాడు. డ్రిల్లర్ కర్ర పొన్నుతో బల్లని ఒక్క దెబ్బ కొడతాడు. అరచేతిలోంచి మోచేతిదాకా సన్నగా జివ్వుమంటుంది.

"గంట," అంటాడు సర్దార్. అప్పుడు దీపం తీసుకుంటాడు.