కాఫీకి మంచు

తెరచాప చిరుగు కుట్టాలి. తుపాకీ తడవకుండా చుట్టాలి. ఎండుచేప సంచీ పైన కట్టాలి. కాఫీకి కరిగించుకునే మంచు తేవాలి, అదీ నీళ్లలో తేలే చిన్న ముక్కలే. మంచుకొండ దగ్గరికి పోకూడదు, పోయినా గొంతెత్తకూడదు. అరిస్తే కొండ తిరగబడుతుందని ఊయూట్ వాళ్ల తాత మాట.

మంచు సముద్రపు ఒడ్డున ఉన్న ఉమ్మన్నాక్ ఊరి నుంచి ముగ్గురు స్నేహితులు తెరచాప పడవలో బయలుదేరిన రెండో రోజుకి మంచు తప్ప అన్నీ అయ్యాయి. ఎనోక్ లోపల నిద్రపోతున్నాడు.

"చిన్న ముక్కలు ఉప్పగా ఉంటాయే పిపలుక్! అసలు మంచు నేను తెస్తానుండు," అని ఊయూట్ రబ్బరు పడవ వేసుకుని కొండ వైపు వెళ్లాడు.

"మీ తాత చూస్తే చెవి మెలేస్తాడు, పోరా!" అని నవ్వింది పిపలుక్.

అతను గొడ్డలితో కొడుతుంటే, నీళ్లలో మునిగి ఉండాల్సిన నీలి అంచు మెల్లగా పైకి రావడం ఆమెకి కనిపించింది. కొండ ఒరుగుతోంది! అరవకూడదు. ఎర్రకోటు విప్పి ఊపింది. వేళాకోళమనుకుని ఊయూట్ గొడ్డలెత్తి తిరిగి ఊపాడు.

నీలి అంచు మూరెడు లేచింది. ఇక ఆగలేక, "ఊయూట్! వచ్చెయ్‌రా!" అని అరిచేసింది. అతను తెడ్డు అందుకునేలోగా కొండ బోల్తా కొట్టింది. అల తగ్గాక ఖాళీ పడవ ఒక్కటే తేలింది.

అరుపుకి కాదు, అది ముందే ఒరిగిందని ఊరంతా చెప్పింది. అయినా పిపలుక్ ఇప్పటికీ గొంతెత్తదు. మీరు కాఫీ కాచుకునేటప్పుడు ఊయూట్‌ని ఒక్కసారి తలుచుకోండి.