బానెట్ మీద రెండు తట్లు

నిజం చెబితే నా భర్త ఇల్లు వదిలిపోతాడు. అంతకంటే పెద్ద భయం నాకు లేదు.

మాది కంబదూరు. మా మామ కొన్న పాత అంబాసిడర్‌ను మా ఆయన తిప్పేష్ పెళ్ళిళ్ళకు బాడుగకు తిప్పుతాడు. రేడియేటర్ కారుతుంది కాబట్టి రోజూ పొద్దున్నే అరబిందె నీళ్ళు పోయాలి. ఆ పని నాది. పోసి, బానెట్ మూసి, దాని మీద అరచేత్తో రెండుసార్లు తడతాను. ఆ చప్పుడు వింటేనే ఆయన తాళం తిప్పుతాడు. దిగి చూసుకోడు. పెళ్ళయిన నాటి నుంచి అంతే.

ఆ సోమవారానికి ఊళ్ళోకి నీళ్ళ ట్యాంకరు రాక మూడు రోజులు. పది నెలల చంద్రికకు విరేచనాలు పట్టుకున్నాయి. ఉప్పు, చక్కెర కలిపి తాగించడానికి ఇంట్లో మిగిలినవి కారుకు ఉంచిన ఆ అరబిందె నీళ్ళే. ఒక్కరోజుకు ఏం కాదులే అనుకుని బానెట్ ఎత్తి, దించి, రెండుసార్లు తట్టాను.

కళ్యాణదుర్గం దారిలో కారు పొగలు కక్కి ఆగిపోయింది. ట్రాక్టరుకు కట్టి ఈడ్చుకొచ్చారు. మెకానిక్ కుళ్ళాయప్ప మా వాకిట్లోనే దాని బానెట్ ఎత్తాడు.

"ఏమప్పా తిప్పేషూ, నీళ్ళు పోసినావా లేదా?"

"హేమ పోసింది. చప్పుడు ఇన్యా గదా నేను."

హేమ అంటే నేనే. పాపను భుజాన వేసుకుని గడపలో నిలబడి ఉన్నాను.

"నీళ్ళుండి కూడా ఇంత కాగిందంటే లోపల ఇంజను బ్లాకే పగిలింటాది. నీళ్ళు లేక కాగింటే దాని పైన మూత, హెడ్డు మాత్రం వంగిండేది, గుత్తికి తీస్కపోయి లేతులో చదును చేయిస్తే సరిపోయేది. ఇంగ ఇది పాత ఇనుము. దీన్ని పారేసి డీజిల్ ఇంజను ఎక్కిచ్చు."

"డీజిలా? పెండ్లికూతుర్ని పిండిమిషన్ మీద కూచోబెట్టినట్ల ఉంటాదన్నా."

"అట్లయితే ఈ ముసిల్దానికి గుడి కట్టించుకో."

తిప్పేష్ నవ్వలేదు. తువ్వాలుతో ఇంజను మీది మసి తుడిచాడు. "మా నాయన దీన్ని ఎవుర్నీ ముట్టనీలేదు," అన్నాడు. తువ్వాలు భుజాన వేసుకుని, "ఇంజను దించన్నా," అన్నాడు.

కుళ్ళాయప్ప ఇంజనును పైకి లాగే గొలుసు తగిలించాడు. చెప్పకపోతే మంచి ఇంజను పాత ఇనుములోకి పోతుంది. చెబితే రేపటినుంచి నా చేతిని ఎవరు నమ్ముతారు? ఆయన వదిలిపోతే, పాపనెత్తుకుని పోదామంటే పుట్టింట్లో తలుపు తీసేవాళ్ళు కూడా లేరు. గొలుసు బిగిసింది.

"ఆగన్నా. నీళ్ళు పోయలేదు. పాపకు పెట్టుకున్యా. ఉత్తిగనే తట్టినా."

"బతికించినావు తల్లీ!" కుళ్ళాయప్ప గొలుసు వదిలేశాడు.

తిప్పేష్ నా వైపు తిరగలేదు. "పాపకు కావల్లంటే వద్దంటానా నేను? బండి ఆపుకొనేవాన్ని. తట్టేదెందుకు?"

పాపను ఇంకో భుజం మీదికి మార్చుకున్నాను.

విప్పి చూస్తే హెడ్డే వంగింది, బ్లాక్‌కు పగులు లేదు. ఆయన హెడ్డును గోనెసంచిలో చుట్టుకుని గుత్తి బస్సెక్కాడు. లేతు పని ఒక్కరోజుదట. ఈరోజుకు ఐదు రోజులు. కుళ్ళాయప్ప లేతు షాపుకు ఫోన్ చేస్తే, పని ఎప్పుడో అయిపోయిందనీ, మనిషి మాత్రం షాపు అరుగు మీదే కూర్చుంటున్నాడనీ చెప్పారట.

మీలో ఎవరైనా గుత్తి వైపు పోతే, బస్టాండు వెనక లేతు షాపు దగ్గర ఒకసారి ఆగండి. సన్నగా, పొడుగ్గా ఉంటాడు, పలకరిస్తే తప్ప మాట్లాడడు. పాపకు తగ్గిందని చెప్పి, అన్నం తిన్నాడో లేదో కనుక్కోండి.