రెండు మైకులు, ఒక దొంగ

షారోన్ క్రిమినాలజీ చదవడానికి చెన్నై వెళ్లినప్పుడు, వెలిగండ్ల పక్కనున్న వాళ్ల ఊళ్లో సగం మందికి అది దొంగతనాలు నేర్పే చదువని అనుమానం. తక్కిన సగం మందికి ఆ అనుమానం కూడా లేదు, ఖాయమే అనుకున్నారు. కూలికి పోయిన చోటల్లా వాళ్లమ్మ ఇందిరమ్మ ఓపిగ్గా చెప్పుకొచ్చేది.

"నేర్పేది కాదక్కా, మనిషి ఎందుకు దొంగయితాడో చెప్పేదంట."

"అది తెలుసుకునేదానికి అంత దూరం పోవాల్నా?" అని మిరపకోతల్లో ఆడవాళ్లు నవ్వేవారు.

చదువయ్యాక షారోన్ పరీక్ష రాసి, పరుగు పందేలు గట్టెక్కి ఎస్సై అయింది. గిద్దలూరు అవతల, నల్లమల అంచున చిన్న స్టేషన్‌లో వేశారు. తిరునాళ్ల బందోబస్తులు, గట్టు తగాదాలు, అడవిపందులు చేను తిన్నాయని రైతుల మొర. వీటితోనే నెలలు గడిచాయి. బస్టాండులో ఆటోలను పక్కకు జరిపిస్తున్నప్పుడు, నా చదువు ఇందుకేనా అని గుబులు పుట్టేది.

అలాంటి రోజుల్లో కొండ కింది ఊళ్లో చర్చి మీది మైకు పోయింది. వారం తిరక్కుండా అదే ఊళ్లో రామాలయం మైకూ పోయింది. చర్చి పెద్ద తిమోతి, గుడి కమిటీలో ఉన్న దుకాణదారు బ్రహ్మానందం స్టేషన్‌కొచ్చి చెరో మూలా కూర్చున్నారు.

"మా పాటలు ఇనలేక వాళ్లే ఎత్తుకపోయినారు మేడం," అన్నాడు తిమోతి.

"మరి మాది ఎవురు తీసినారు? బదులు తీర్చుకున్నారు!" అన్నాడు బ్రహ్మానందం. షారోన్ నేమ్‌ప్లేట్ వైపు చూసి గొంతు తగ్గించాడు. "మీరు న్యాయంగానే చూస్తారు లేమ్మా."

ఆ 'లేమ్మా' షారోన్‌కు కాస్త గుచ్చుకుంది.

వాళ్లు వెళ్లాక హెడ్ కానిస్టేబుల్ మురళీధర్ అన్నాడు. "రెండు పక్కల నుంచీ నలుగురిని తెచ్చి కూచోబెడదాం మేడం. ఎవడో ఒకడు ఒప్పుకుంటాడు."

"ఒప్పుకున్నోడే తీసినోడని ఏముందన్నా? ముందు చూసొద్దాం పదండి."

చర్చిలో ఆంప్లిఫైయర్ చెక్కుచెదరలేదు. గుడిలో హుండీని ఎవరూ ముట్టలేదు. రెండు చోట్లా దొంగ నట్లు విప్పి, మైకు దించుకుని, మిగిలిన వైరును చక్కగా చుట్టి పిట్టగోడ మీద పెట్టి పోయాడు.

షారోన్ గుడి మెట్ల మీద కూర్చుంది. దొంగ ఏం తీసుకున్నాడన్నది ఒక్కటే చూస్తే చాలదు, ఏం వదిలిపెట్టాడో కూడా చూడాలని చెన్నైలో పాఠాలు చెప్పిన మేడం అనేవారు. అమ్ముకునేవాడు ఆంప్లిఫైయర్ వదలడు. కక్ష ఉన్నవాడు పగలగొడతాడు గానీ వైరు చుట్టిపెట్టడు. ఈ మనిషికి మైకుతో ఏదో పని పడింది.

"అన్నా, ఆంప్లిఫైయర్ వద్దు, మైకు మాత్రం కావాలి. ఎవరికి?"

"కరెంటు లేనోడికి," అన్నాడు మురళీధర్ నవ్వుతూ. "మైకుకు తగిలించేదానికి బ్యాటరీతో ఆడే చిన్న ఆంప్లిఫైయర్లు అంగళ్లో దొరకతాయి గదా..."

అని, మాట మధ్యలోనే ఆగి కొండవైపు చూశాడు. కరెంటు లేని చేలన్నీ అటే. పందుల గోలా అటే.

పొద్దు వాలుతుండగా వాగు దగ్గర బైకు ఆపి నడిచారు. ఉన్నట్టుండి కందిచేలోంచి ఒక ఆడగొంతు కొండ దద్దరిల్లేట్టు లేచింది.

"ఏయ్! నీ కాళ్లిరగ! నా చేనే దొరికిందా నీకు? నీ నోట్లో మన్నుబడ!"

మురళీధర్ గతుక్కుమన్నాడు. "మనల్నేనా మేడం?"

చేలో ఆడమనిషి ఎవరూ లేరు. వేపచెట్టుకు రెండు మైకులు కట్టి ఉన్నాయి, ఒకటి అడవి వైపు, ఒకటి వాగు వైపు. మంచె మీద బ్యాటరీ పక్కన జీవానందం అనే కౌలురైతు కూర్చుని ఉన్నాడు. పారిపోలేదు. ముందు ఆ తిట్లు ఆపి, కిందికి దిగి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఎవరిదా గొంతు?"

"మా ఇంటామె రజినిది తల్లీ. ఫోన్లో రికార్డు చేసినా. డప్పు కొట్టినా, చుట్టూ చీరలు కట్టినా పందులు జంకలా. దీనికి మాత్రం అడుగు పెట్టలా." అంత భయంలోనూ అతడి మొహంలో కాస్త గర్వం తొంగిచూసింది. "ముందు మా చర్చిది తీసినా. అది ఒక దిక్కుకే సరిపోతే గుడిది గూడా తీసినా. కోత కాగానే బిగించాలనే అనుకున్నా. ఊళ్లో కొట్లాట అయ్యేట్టుంటే, చెప్పేదానికి నోరు రాలా."

షారోన్‌కు నవ్వొచ్చింది, జాలీ వేసింది. కేసు మాత్రం రాసింది.

మర్నాడు తిమోతికీ బ్రహ్మానందానికీ జరిగింది చెప్పి, ఆ రికార్డు వినిపించింది. బ్రహ్మానందం ముందు నవ్వాడు. తిమోతి ఆపుకోలేకపోయాడు. కేసు ఎత్తేయమని ఇద్దరూ ఒకే గొంతుతో అడిగారు.

"ఎత్తేసేది నా చేతిలో లేదు పెదనాయనా. చిన్న దొంగతనం, మొదటి తప్పు, సరుకు తిరిగొచ్చింది. కొత్త చట్టంలో జైలు లేకుండా సేవ చేయించే దారుంది. ఇవన్నీ కోర్టుకు రాస్తా."

కోర్టులో జీవానందం తప్పు ఒప్పుకున్నాడు. బడి ఆవరణ బాగుచేసి మొక్కలు నాటమన్నారు. షారోన్ అక్కడితో వదల్లేదు. పందులు అట్లాగే ఉంటే రేపు ఇంకొకడు ఇంకోటి విప్పుకుపోతాడు కదా! ఫారెస్టువాళ్లనూ వ్యవసాయాధికారినీ ఊరికి రప్పించి, రైతులతో కూర్చోబెట్టింది. సోలార్ కంచె పని కదిలింది. అది వచ్చేలోగా గుడివాళ్లు, చర్చివాళ్లు చెరో పాత మైకూ చేలకు ఇచ్చారు. రజిని తిట్లు చుట్టుపక్కల రైతులు కూడా అడిగి ఫోన్లలో వేసుకున్నారు.

ఈ కథంతా ఆదివారం ఫోన్లో విని ఇందిరమ్మ పడీ పడీ నవ్వింది.

"ఉద్యోగం బాగుందా పాపా?"

"బాగుందిమా," అంది షారోన్. అనేశాక, ఆ మాట నిజమేనని తనకే తెలిసొచ్చింది.

వాగు అవతల ఎవరివో మేకలు పోయాయని మురళీధర్ పిలిచాడు. ఆమె టోపీ అందుకుని జీపెక్కింది.