డబ్లిన్ గ్యాలరీ ముందు ఎర్సీలియా

ఆ సాయంత్రం మా డబ్లిన్ థియేటర్లో, పై అంతస్తు చౌక టికెట్ల గ్యాలరీలో జనం పళ్లు నూరుతూ కూర్చున్నారు. పోస్టర్ల మీద పేరున్న మహాగాయనికి గొంతు పోయింది. ఆమె బదులు ఎర్సీలియా బొన్‌ఫాంతి అనే ఇరవై రెండేళ్ల పిల్ల మిలాన్ నుంచి దిగింది. ఏడాదికి మూడు వారాలే ఉండే ఇటాలియన్ ఒపేరా మావాళ్లకి పండగ. పండగ పూట చద్దికూడు పెడితే ఊరుకుంటారా?

నేను పగలు టోపీలు కుడతాను, సీజన్‌లో కోరస్ గుంపులో పాడతాను. మేనేజర్ డెలాహంట్ నా చెవిలో అన్నాడు: "గ్యాలరీ ఒప్పుకోకపోతే రేపు పొద్దున్నే ఆ పిల్లని పడవెక్కించేస్తా, నోరా. సీజన్ కూడా మూతే."

మొదటి అంకంలో ఆమె గొంతు వణికింది. పైనుంచి ఎవడో, "అమ్మాయీ, మీ అక్క ఎప్పుడొస్తుంది?" అన్నాడు. హాలంతా నవ్వింది.

తెర పడగానే గ్యాలరీ మొత్తం గొంతెత్తి పాట అందుకుంది. మా ఊళ్లో విరామంలో పాడేది వాళ్లే మరి. ఆ హోరుకి ఎర్సీలియా మొహం పాలిపోయింది, తన మీదికే వస్తున్నారనుకుంది. ఇది వాళ్ల ఆనవాయితీ అని ఎలా చెప్పను? నాకొచ్చిన ఇటాలియన్ అంతా కోరస్ ఇటాలియనే: ద్రోహం, పగ, చావు. కంగారులో నోటికొచ్చింది అనేశాను, "పారిపో" అని. ఆమె నిజంగానే తలుపు వైపు పరిగెత్తింది. నా నోరు పడ! వెనకాలే ఉరికి చెయ్యి పట్టుకుని, "విను, విను" అంటూ తెర దగ్గరికి లాక్కొచ్చాను.

కసాయివాళ్లు, విద్యార్థులు, బండివాళ్లు, మూడు వందల మంది శ్రుతి తప్పకుండా పాడుతున్నారు. తిట్లు కావు, పాటేనని ఆమెకి అర్థమైంది. తెర పక్కకి తప్పించి ముందుకెళ్లి, వేదిక అంచున చతికిలబడి, పాట అయ్యేదాకా కదలకుండా వింది. అయ్యాక లేచి చప్పట్లు కొట్టింది. ఇన్నేళ్లలో గ్యాలరీ పాట కూర్చుని విన్న గాయని ఒక్కతీ లేదు.

ఆ తర్వాత ఆ పిల్ల పాడింది చూడండి, నా ఒళ్లు ఝల్లుమంది. చివరి అంకంలో నాయిక వేషంలో విషం తాగి కూలిపోయింది. చప్పట్లు పడలేదు. డెలాహంట్ తెర దించమని చెయ్యెత్తాడు.

"తల్లీ," అందొక ముసలి గొంతు పైనుంచి, "మా కోసం ఇంకొక్కసారి చచ్చిపోవమ్మా."

ఎవరూ నవ్వలేదు. ఆ మాటలు ఆమెకి అర్థం కాలేదు కానీ, గ్యాలరీ మొత్తం లేచి నిలబడింది మళ్లీ పాడమనేనని అర్థమైంది. చచ్చినమ్మ లేచి, జుట్టు సర్దుకుని, మళ్లీ విషం గిన్నె అందుకుంది.