ఏట్లోకి తుమ్మాకు రంగు చీర

కొంగలా ఉన్నావంటే ఎవరికైనా కోపం రావాలి గదా, నాకేమో నవ్వొచ్చింది, మా బడి పెద్ద ఎడ్నా దొరసాని ఆ వచ్చీరాని తెలుగులో, దయామణీ, తెల్లచీర కట్టి నీళ్ళలో నిలబడితే చేపలు నిన్ను కొంగ అనుకుంటాయి, అందుకే రావు, అంది, నిజమే గదా, ఏ చేప మాత్రం కొంగ కాళ్ళ దగ్గరికి వచ్చి చస్తది, ఎన్ని శనివారాలు ఈ మడుగులో మోకాలి లోతున నిలబడి వట్టిచేతుల్తో ఇంటికి పోయానో, గాలం గడది తప్పు, దారానిది తప్పు అనుకుంటా, తప్పు చీరదని ఎవరికి తెలుసు, మా ఆయన కృపాదానం విషజ్వరంతో పోయిన కాణ్నుంచీ ఒంటి మీద తెలుపు తప్ప ఇంకోటి ఎరగను, మాది యేసుప్రభువుని నమ్మిన కొంపే అయినా ఈ విషయంలో మా పేట మాచర్లలో ఏ బజారుకీ తీసిపోదు, ఇదిగో ఇవాళ, ఆయన కొనిపెట్టిన తుమ్మాకు రంగు చీర గోచీ పోసి బిగించి కట్టి నిలబడ్డా, వెనక రాతి మీద గొడుగేసుకుని మా అత్త హన్నమ్మ కూచుంది, కాపలాకి, చేప పడకపోతే ఆ చీర మళ్ళీ పెట్టెలోకి, గడ దొరసాని ఇంటికి, ఏరు అనే మాట ఇంక నీ నోట రాగూడదు, అని పొద్దున గడప దాటకముందే తేల్చేసింది, సరే అత్తా అన్నా, పడితే ఏందో ఆమె చెప్పలా, నేనూ అడగలా.

గడ వెనక్కి, ఆగు, దారం వెనక బారుగా సాగిందాకా ఆగు, ఇప్పుడు ముందుకి, అబ్బ, ఎంత తేలిగ్గా పోయి వాలిందో, వెదురు బద్దలు అతికించి చేసిన గడ, భుజం పడిపోయి ఇక తను విసరలేనని దొరసాని నా చేతిలో పెట్టింది, దాంతో పాటు తన రబ్బరు లాగు కూడా ఇచ్చింది, చంకల దాకా వస్తది, ఒక్కసారి తొడిగా, లోపలికి నీళ్ళు దూరి నిండు బానలా తయారయ్యా, నలుగురు ఆడోళ్ళు పట్టి లాగితే గానీ గట్టెక్కలా, వద్దు తల్లీ అని దండం పెట్టి మనకి తగ్గట్టు గోచీ పోశా, టైరు చెప్పుల కింద గోనెపట్టా కుట్టా, పాచి రాళ్ళ మీద జారితే ఒట్టు, ఇక ఈ పట్టుదారం సంగతి చెప్పుకుంటే సిగ్గు, తడిసింది గదా అని ఉతికి, ఉతికింది గదా అని గంజి పెట్టా, మన చేతికి అలవాటు అది, తెల్లారేసరికి దండెం మీద దారం కర్రలా బిగుసుకుని దాన్నిండా చీమలు, దొరసాని కళ్ళెంట నీళ్ళొచ్చేలా నవ్వి, ఆరబెట్టు, తేనెమైనం రుద్దు, పైన తేలాలి, అంది, ఇప్పుడు తేలుతోంది, దాని చివర మా అత్త పుంజు మెడ ఈకలతో పురుగులా కనబడేటట్టు నేను కట్టిన గాలం, ఏందే నా పుంజుని బోడిమెడ చేసినావు అని ఆమె ఆ రోజంతా తిట్టిపోసింది, వల వేసే పిచ్చయ్య మామ అయితే, కోడీకకి చేప పడిందంటే నా వల నీకు ఉయ్యాల కట్టిస్తానమ్మా అన్నాడు, నవ్వనీ, ఎండ ముదురుతోంది, కొత్తగా కడుతున్న డ్యాము కాడ రాళ్ళకి మందు పేలిస్తే ఆ అదురుకి చేప ఇక పైకి రాదు, వెనక అత్త దగ్గుతోంది, పోదామా అన్నట్టు, ఒక్కసారి అత్తా, ఇంకొక్కసారి, ఆ నల్లరాయి నీడలోకి, వెనక్కి, ఆగు,

బుడుంగుమంది!

పట్టింది, పట్టింది, ఓరి దేవుడా గడ విల్లులా వంగింది, రీలు గిర్రున తిరుగుతోంది, కొర్రమీను, మోచేతి పొడుగు నల్లటి వీపు ఒక్క క్షణం పైకి తేలి మళ్ళీ మునిగింది, లాగవే, ఒదలమాక, లాగవే అని అత్త కేక, లాగితే తెగుద్ది అత్తా, పోనియ్యాలి, అలిసిందాకా పోనిచ్చి మెల్లిగా తెచ్చుకోవాలి, రా నా తల్లీ రా, దగ్గరికొచ్చింది, ఇంక చెయ్యి చాస్తే అందేటంత, అప్పుడు చూడాలి మా అత్తని, గొడుగు అవతల పారేసి తన తెల్లకోక ఎగ్గట్టి దబదబా నీళ్ళలోకి దిగింది, చేపని కొంగులో పట్టుకుందామని, చేప ఆమెని చూడటం, దారం మొత్తం గుంజుకుని మడుగు అవతలికి పరిగెత్తటం, నీ తెలుపు చూసి బెదిరింది, గట్టుకి పో అత్తా, పో, అని అరిచా, మా అత్త మీద అరిచిన మొదటి అరుపు అదే, ఆమె తన కోక వంక చూసుకుంది, చేప వంక చూసింది, వెనక్కి నడిచి రాయి చాటున కూచుంది, మళ్ళీ మెల్లిగా, మళ్ళీ దగ్గరికి, తుమ్మాకు రంగు చీర పక్కకి వచ్చి ఆగింది, వెర్రిది, బెదరలా, దవడ కింద వేలు పెట్టి ఎత్తా, గెలిచా, గెలిచా, ఏరంతా వినబడేలా అరిచా, అరిస్తే ఏం, నా గొంతుకి ఇంత బలముందని నాకే తెలవదు.

ముందు గడ, తర్వాతే చేప, అంటది దొరసాని, తడి గడని అట్టాగే సంచిలో పెడితే బద్దలు ఊడతయ్, పొడి గుడ్డ కావాలి, ఉన్న పొడిగుడ్డల్లా తిరిగి పోయేటప్పుడు కట్టుకోమని అత్త మడతపెట్టి తెచ్చిన నా తెల్లచీర, తీశా, గడ తుడిచా, దారం బారలు బారలుగా దాని మీద పరిచి ఒత్తా, ఉతికి ఉతికి మెత్తబడిన నూలు, ఇంతకన్నా మంచి తుడుపుగుడ్డ ఎక్కడా దొరకదు, అత్త చూస్తా ఉంది, ఒళ్ళో చేపని పెట్టుకుని, ఏమంటదో అనుకున్నా, ఏమే, మరి ఇంటికేం కట్టుకుని వస్తావే, అంది, కట్టుకునే ఉన్నాగా, తడి ఆరిపోద్ది నడుస్తుంటే, అన్నా, ఆమె చేప మీద చెయ్యి వేసి నిమిరింది, పేటలో ఎవురన్నా అడిగితే చేపల కోసరం కట్టిందని చెబుతాలే, అంది, ఎంత మంచిదో మా అత్త, నాకోసం సాకు వెతుకుతోంది, మరి రేపు ఆదివారం, అంది, నేను దారం రీలుకి చుట్టా, చర్చిలో చేపలుండవు గదే దయా, అంది గొంతు తగ్గించి, అవును, చర్చిలో చేపలుండవు, బెంచీలుంటయ్, పాటలుంటయ్, నన్ను తలెత్తి చూసే ఆడోళ్ళుంటారు, నాకు ముప్పై అన్నా నిండలేదు, ఈ రంగు నా ఒంటికి బాగుంటదని మా ఆయన అన్నాడు, ఇవాళ నాకూ అనిపిస్తోంది, ఉండవు అత్తా, అయినా ఇదే కట్టుకుంటా, అన్నా.